నాల్‌ట్రెక్సోన్ ఏళ్ల తరబడి వాడితే రోగనిరోధక శక్తి తగ్గుతుందా?

మల్కాజిగిరి వాసి: ఓపియాయిడ్ (మార్ఫిన్ వంటి నల్లమందు జాతి) మత్తుమాత్రల అలవాటు మానిన మా తమ్ముడికి, ఆ మత్తు ఎక్కకుండా అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్‌ను డాక్టరుగారు రోజూ 50 మిల్లీగ్రాములు రాశారు. నొప్పిని తగ్గించేందుకు ఒంట్లోనే పుట్టే ఎండార్ఫిన్‌లకు కూడా ఈ మందు అడ్డుపడుతుంది కనుక రోగాలను తట్టుకునే శక్తి పడిపోతుందని బంధువులు భయపెడుతున్నారు. వాడు మానేస్తానంటున్నాడు.

కోఠి ఫార్మసిస్టు: ఆ భయాన్ని కొట్టిపారేయలేము, తెల్లరక్తకణాల మీద కూడా ఓపియాయిడ్ గ్రాహకాలు (ఓపియాయిడ్‌లు, ఎండార్ఫిన్‌లు అతుక్కునే చోట్లు) ఉన్నాయి. అయితే ఇదే మందును 4.5 మిల్లీగ్రాములు వేసుకుంటే నిరోధక శక్తి పెరుగుతుందని 1980లలోనే న్యూయార్క్ వైద్యుడు బెర్నార్డ్ బిహారి వాదించారు. మా దగ్గర కొనేవారిలో కొందరు 50 మిల్లీగ్రాముల మాత్రను 50 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి, సిరంజితో నాలుగున్నర మిల్లీలీటర్లు కొలిచి తాగుతున్నారు. మోతాదు తగ్గించమని అడగండి.

తార్నాక పాఠకురాలు: కోఠి మిత్రులు రెండు వేర్వేరు వాడకాలను ఒకే గాటన కట్టారు. కొద్ది మోతాదు గ్రాహకాలను కొన్ని గంటలే మూస్తుందని, ఆ తరువాత శరీరం ఎండార్ఫిన్‌లను ఎక్కువగా తయారుచేస్తుందని ఒక ఊహ ఉంది. 50 మిల్లీగ్రాములైతే దాదాపు రోజంతా మూసి ఉంచుతాయి, మత్తు మళ్లీ ఎక్కకుండా కాపాడేది అదే. పోనీ కొద్ది మోతాదు మహిమనైనా చూద్దాం. 40 మంది క్రోన్స్ (దీర్ఘకాలిక పేగువాపు) రోగులపై జరిగి 2011లో ప్రచురితమైన ప్రయోగంలో 12 వారాలకు పేగువాపు తగ్గింది. డెన్మార్క్‌లో 99 మంది ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా దీర్ఘకాలం నొప్పులు) మహిళలపై జరిపి 2024లో ప్రచురించిన ప్రయోగంలో మాత్రం నొప్పి విషయంలో ఉత్తుత్తి మాత్రకన్నా స్పష్టమైన మేలు కనబడలేదు. అసలు వాపు తగ్గడమంటే అదుపు తప్పిన నిరోధక వ్యవస్థ శాంతించడమే, అది "శక్తి పెరగడం" ఎలా అవుతుంది? నిరోధక కణాలను మందగింపజేసేదిగా పేరుపడ్డది మార్ఫిన్. దాన్ని అడ్డుకునే మందు మీద ఆ నింద వేయడం విచిత్రం.

కోఠి ఫార్మసిస్టు: మార్ఫిన్ మాట నిజమే. కానీ ఏళ్ల తరబడి వాడేవారి రక్తకణాలను కొలిచి చూసిన ఆధారాలు తక్కువేనని మీరూ ఒప్పుకోవాలి.

తార్నాక పాఠకురాలు: ఒప్పుకుంటాను. ఆధారాలు తక్కువగా ఉన్నాయని మాత్ర మానేయమనగలమా? 1984 నుంచి అమెరికాలో వాడుకలో ఉన్న ఈ మందుకు చెప్పే ప్రధాన హెచ్చరికలు కాలేయం గురించి, మాత్ర ఆపాక ఓపియాయిడ్ మోతాదు మించిపోవడం గురించి. తమ్ముడికి పాత మత్తు మోతాదును తట్టుకునే శక్తి ఇప్పుడు ఉండదు. మాత్ర మానేసి మునుపటి మోతాదు తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. కాలేయ పరీక్ష డాక్టరుగారు చెప్పినప్పుడల్లా చేయించండి, శస్త్రచికిత్స ఏదైనా పడితే ఈ మాత్ర సంగతి ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే వైద్యులకు ముందే చెప్పండి.