గుండె కోసం పొట్టకు కోత పెట్టించుకోవడం సబబేనా?

కొల్లేటి కొంగ:
నా వయసు 47, బరువు 112 కిలోలు, బీఎంఐ (ఎత్తును బట్టి చూసే బరువు కొలత) 38. పన్నెండేళ్లుగా మధుమేహం ఉంది. నాలుగు నెలల కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. ఇప్పుడు నా గుండె వైద్యులే బరువు తగ్గించే శస్త్రచికిత్స గురించి ఆలోచించమంటున్నారు. 'గ్యాస్ట్రిక్ బైపాస్' అన్న మాట వినగానే మా అమ్మ నా గుండెకే మళ్లీ ఆపరేషన్ అనుకొని ఆ పూట అన్నం ముట్టలేదు. కాదు, పొట్టకని చెప్పిన తరువాత, "గుండె జబ్బుకు పొట్ట కోయడమేమిట్రా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉందా?

కృష్ణవేణి:
అమ్మగారు అడగవలసిన ప్రశ్నే అడిగారు. ఆరేళ్ల కిందట నాకు అదే ఆపరేషన్ జరిగింది. ఆ ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని చిన్న సంచిగా చేసి, చిన్నపేగును కొంత కిందనుంచి తెచ్చి దానికి కలుపుతారు. తిన్నది తొందరగా పేగులోకి చేరడంతో అక్కడి హార్మోన్ల తీరు మారి, బరువు పెద్దగా తగ్గకముందే, రోజుల్లోనే చక్కెర దిగడం మొదలవుతుంది. తరువాత రక్తపోటు తగ్గుతుంది, నిద్రలో ఊపిరి ఆగిపోయే బాధ తగ్గుతుంది, భారం మోసి మోసి మందమెక్కిన గుండె గోడ కొంత పలచబడుతుంది. నేను మూడు రక్తపోటు మాత్రలు వేసుకునేదాన్ని, ఇప్పుడు ఒక్కటే. స్వీడన్‌లో 1987లో మొదలైన అధ్యయనంలో బరువు తగ్గించే ఏదో ఒక ఆపరేషన్ చేయించుకున్న 2,010 మందిలో 28 మంది గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోగా, చేయించుకోని 2,037 మందిలో 49 మంది చనిపోయారని 2012లో ప్రకటించారు.

పాలమూరు పంతులు:
ఆ స్వీడన్ అధ్యయనంలో చీటీలు వేసి మనుషులను రెండు జట్లుగా విడదీయలేదన్న సంగతి కృష్ణవేణి గారు చెప్పకుండా దాటవేశారు. కావాలనుకున్న వారు చేయించుకున్నారు, వద్దనుకున్న వారు మానుకున్నారు. తన ఒంటి మీద అంత శ్రద్ధ పెట్టి కత్తి కిందికి వెళ్లడానికి సిద్ధపడిన మనిషి మాత్రలు కూడా వేళకు వేసుకుంటాడు, నడకకూ వెళతాడు. ఆ ఆయుష్షు ఆపరేషన్ ఇచ్చిందా, ఆ మనిషి స్వభావం ఇచ్చిందా?

తుమ్మెద:
ఇప్పుడు బరువు తగ్గడానికి వారానికొక ఇంజెక్షన్ వచ్చింది కదా, ఇంకా కోతలెందుకు?

కృష్ణవేణి:
తుమ్మెద గారూ, ఆ ఇంజెక్షన్ మందు సెమాగ్లుటైడ్ గురించి 2023లో వచ్చిన పెద్ద పరీక్షలో 17,604 మంది పాల్గొన్నారు, గుండెపోటు వంటి ప్రమాదాలు ఐదో వంతు తగ్గిన మాట నిజమే. అయితే అందులో మధుమేహం ఉన్నవారిని చేర్చుకోలేదు, ప్రశ్న అడిగిన వారికేమో మధుమేహం ఉంది.
పంతులు గారూ, చీటీలు ఎందుకు వేయలేదో కూడా చెప్పండి. ఆ రోజుల్లో ఈ ఆపరేషన్లలో మరణాలు ఎక్కువ కాబట్టి, చీటీలో పేరు వచ్చిందని మనిషిని బల్ల ఎక్కించడం ధర్మం కాదని అక్కడి నైతిక సంఘాలు ఒప్పుకోలేదు. చీటీలు వేసిన పరీక్షే కావాలంటే బ్రెజిల్‌లో ఉంది. సావో పాలోలో రక్తపోటు ఉన్న 100 మందిని విడదీసి, సగం మందికి బైపాస్ చేశారు. ఏడాది తిరిగేసరికి, రక్తపోటు అదుపులో ఉంటూనే మాత్రల్లో కనీసం 30 శాతం తగ్గించుకోగలిగినవారు ఆపరేషన్ జట్టులో 83.7 శాతం, మందుల జట్టులో 12.8 శాతం.

పాలమూరు పంతులు:
వందమందితో రక్తపోటు సంగతి తేలుతుందేమో గాని, గుండెపోటు సంగతి తేలదు. చీటీలు వేసి, 5,145 మంది మధుమేహ రోగులతో, దాదాపు పదేళ్లపాటు అమెరికాలో జరిగిన 'లుక్ అహెడ్' పరీక్ష సంగతి మీకు తెలియదా? తిండి తగ్గించి, వ్యాయామం చేయించి బరువు దించారు. గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. బరువు తగ్గితే గుండె బాగుపడుతుందన్న మాటకే అక్కడ పునాది లేకుండా పోయింది.

కృష్ణవేణి:
ఆ పరీక్ష ముగిసేనాటికి వారి బరువు తగ్గింది ఆరు శాతమే. స్వీడన్‌లో ఇరవై ఏళ్ల తరువాత కూడా తగ్గుదల 18 శాతం దగ్గర నిలిచింది. కాబట్టి మీరు తెచ్చిన సాక్షి నా తరఫునే మాట్లాడుతున్నాడు.

మందుల కొట్టు:
ఈ వాదంలో అసలు మనిషిని మరచిపోకండి. స్టెంట్ వేసి నాలుగు నెలలే అయింది. రక్తం గడ్డకట్టకుండా ఆయన వేసుకుంటున్న రెండు మాత్రల్లో ఒకదాన్ని ఆపరేషన్ కోసం ఇప్పుడే ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఎప్పుడు ఆపవచ్చో గుండె వైద్యుడే చెప్పాలి.

పాలమూరు పంతులు:
మంచి మాట చెప్పారు. నేనైతే ఇంకొకటి కూడా అడుగుతాను. నోరు కట్టుకోలేని మనిషికి పొట్ట కట్టేసినంత మాత్రాన బుద్ధి మారుతుందా?

కృష్ణవేణి:
ఇదిగో, ఇప్పుడు బయటపడ్డారు. ఇంతసేపూ చీటీల మాటున దాచుకున్నది ఈ మాటేనన్నమాట. పంతులు గారూ, పెళ్లిళ్లలో నా విస్తరి వైపు చూసి నవ్వినవారందరూ ఈ మాటే అన్నారు. రెండుసార్లు ఇరవై కిలోల చొప్పున తగ్గి, రెండుసార్లూ తిరిగి పెరిగాను. తగ్గిన బరువును శరీరమే ఆకలి పెంచి వెనక్కు లాక్కుంటుంది, అది నోటి దోషం కాదు. గుండె రక్తనాళం మూసుకుపోయినవాడికి స్టెంట్ వేసేటప్పుడు "నువ్వు బీడీలు మానలేదు కాబట్టి వేయం" అంటారా? లావుగా ఉన్నవాళ్లను మాత్రం ముందు శిక్ష అనుభవించి రమ్మంటారెందుకు?

తుమ్మెద:
ఇద్దరూ కొంచెం శాంతించండి.

పాలమూరు పంతులు:
ఆ మాట అన్నందుకు క్షమించండి, కాని ఎందుకు నోరు జారానో కూడా వినండి. మా తమ్ముడికి 34 ఏళ్లప్పుడు నగరంలో ఒక ఆసుపత్రిలో స్లీవ్ ఆపరేషన్ చేశారు, అంటే జీర్ణాశయంలో ముప్పావు భాగం తీసేశారు. ఇంటికి వచ్చాక ఆరు వారాలపాటు ఏది తిన్నా వాంతులే అయ్యాయి. ఫోన్ చేసినప్పుడల్లా సర్దుకుంటుందన్నారే తప్ప ఒక్కసారైనా రమ్మనలేదు. చివరికి కాళ్లు ఉబ్బి, మెట్టెక్కితే ఆయాసం వచ్చి పడిపోతే, మరొక చోట బి1 విటమిన్ అడుగంటి బెరిబెరి వచ్చిందనీ, దానివల్లే గుండె ఉబ్బిందనీ తేల్చారు. ఇంజెక్షన్లతో గుండె తేరుకుంది గాని, పాదాల తిమ్మిరి ఈరోజుకూ పోలేదు. గుండెకు మంచిదని చేయించింది గుండె మీదికే తెచ్చింది. నోరు కట్టుకోలేవా అని వాడిని రోజూ దెప్పి, చివరికి ఆ ఊరికి బస్సెక్కించిందీ నేనే.

కృష్ణవేణి:
మీ తమ్ముడికి జరిగినది అన్యాయం. వాంతులు ఆగని రోగికి వెంటనే బి1 ఇవ్వాలన్నది ఈ వైద్యంలో మొదటి పాఠాల్లో ఒకటి. నేను ఇప్పటికీ బి12 ఇంజెక్షన్ వేయించుకుంటాను, ఏటా ఐరన్, డి విటమిన్ చూపించుకుంటాను, ఇది బతికినంతకాలం ఉండే పని. అయినా మీ ముగింపును ఒప్పుకోను. ఆసుపత్రి వదిలేసింది, ఇంట్లో వాళ్లు దెప్పారు. ఈ రెండింటికీ శిక్ష ఇంకొక రోగి ఎందుకు మోయాలి?

పాలమూరు పంతులు:
మోయమనడం లేదు. వాంతి అయిన రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో, ఎవరు వస్తారో తెలియకుండా బల్ల ఎక్కవద్దంటున్నాను. ఆయన ఊరికీ ఆసుపత్రికీ ఎంత దూరమో ఇంతవరకూ మనలో ఎవరమూ అడగలేదు.

కొల్లేటి కొంగ:
బస్సులో రెండున్నర గంటలు. ఆపరేషన్ తరువాత నన్ను చూసేది ఎవరని రేపు అడుగుతాను, స్టెంట్ మాత్రల సంగతి గుండె వైద్యుడిని అడుగుతాను. బీఎంఐ 35 దాటి గుండె జబ్బు కూడా ఉంటే ఈ ఆపరేషన్‌ను బీమా వర్తించని చికిత్సల జాబితా నుంచి తప్పించారని విన్నాను, నిజమేనా?

మందుల కొట్టు:
నిజమే, 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల్లో అలా చెప్పారు. వైద్యుడి సిఫారసు కాగితం మీద ఉండాలి. మీ పాలసీలో నిరీక్షణ కాలం ఎంతో మాత్రం చూసుకోండి.

పాలమూరు పంతులు:
రేపు ఏమన్నారో ఇక్కడ రాయండి. స్వీడన్ విషయంలో మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది.