వాన పడినప్పుడల్లా ట్రిప్ అవుతున్న ఆర్‌సీసీబీని డైరెక్ట్ చేయించాను: ఇది ఎంతవరకు క్షేమం?

తీరంవాసి అడిగిన ప్రశ్న:

నమస్కారం. మాది కాకినాడ శివారులో పన్నెండేళ్ల కిందట కట్టుకున్న డాబా ఇల్లు. కింది వాటాలో మేము, పై వాటాలో అద్దెకు మరో కుటుంబం ఉంటున్నాము. రెండు వాటాలకూ మీటర్లు, డీబీ బాక్సులు (ఇంటి మెయిన్ స్విచ్చులుండే పెట్టెలు) వేరు వేరు. తొలకరి మొదలైనప్పటి నుంచి మా బాక్సులోని ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చు), మా వీధిలో అందరూ ఈఎల్‌సీబీ అనే అంటారు, అర్ధరాత్రి వేళ పడిపోతోంది. ఎత్తితే కాసేపు నిలిచి మళ్లీ పడుతుంది. ఎండ కాసిన రోజున ఏ ఇబ్బందీ ఉండదు. పై వాటాలోనూ అదే కంపెనీది, అదే రోజు బిగించినది ఉంది గాని, అది ఈ పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా పడలేదు.

మొన్న జోరువాన కురిసిన రాత్రి ఫ్యాన్లు లేక అమ్మ తెల్లవార్లూ కూర్చునే ఉండవలసి వచ్చింది. పొద్దున్నే పిలిపించిన ఎలక్ట్రీషియన్ ఐదు నిమిషాల్లో ఆర్‌సీసీబీని తప్పించి వైర్లు డైరెక్ట్ చేసి, "మీది పాడైపోయిందండీ, ఎంసీబీలు ఉన్నాయి కాబట్టి ఇది లేకపోయినా ఫర్వాలేదు" అని చెప్పి వెళ్లారు. ఎంసీబీలంటే ఒక్కొక్క లైనుకూ బాక్సులో ఉండే చిన్న స్విచ్చులు. అప్పటి నుంచి కరెంటు పోలేదు. కాని అమ్మ తెల్లవారుజామున గీజర్ వేసుకుని స్నానానికి వెళ్లిన ప్రతిసారీ నా మనసు ఆ బాక్సు మీదే ఉంటోంది. ఎంసీబీలు సరిపోతాయా? ఆర్‌సీసీబీ మీద ఉండే చిన్న టెస్ట్ బటన్‌ను మేము ఎన్నడూ నొక్కలేదు, నొక్కి ఉండవలసిందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

పాత ఫోర్‌మన్ సమాధానం:

అయ్యా, మిగిలిన సంగతులు తరువాత చదవవచ్చు. ముందు గీజర్ ప్లగ్గు పీకి, ఈ రోజే ఆర్‌సీసీబీని తిరిగి కలిపించండి. అమ్మగారికి రెండు రోజులు పొయ్యి మీద నీళ్లు కాచి ఇవ్వండి.

ఎంసీబీ కాపాడేది ముఖ్యంగా వైరును. లోడు ఎక్కువైనా, షార్ట్ సర్క్యూట్ అయినా వైరు కాలిపోకముందే అది పడిపోతుంది. మనిషి ఒంట్లోంచి కరెంటు పోతోందా లేదా అన్నది దానికి తెలియదు, ఎందుకంటే మనిషి ప్రాణం తీయడానికి కొన్ని పదుల మిల్లీఆంపియర్లు చాలు, ఎంసీబీ కదలాలంటే ఆంపియర్లు కావాలి. ఆర్‌సీసీబీ చేసే పని వేరు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా అని అది గుమస్తాలా ఎప్పటికప్పుడు లెక్క చూస్తుంది. తేడా వచ్చిందంటే ఆ కొరవ కరెంటు మనిషి ద్వారానో, తడి గోడ ద్వారానో భూమిలోకి పోతున్నట్టే. ఇళ్లలో పెట్టే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఆ తేడా 15కూ 30కీ మధ్య ఎక్కడో ఒకచోట పడిపోయేలా తయారవుతుంది. పడేలోగా షాక్ తగిలినట్టు తెలుస్తుంది గాని, ప్రాణం మీదికి వచ్చేంతసేపు కరెంటు ఉండదు. ఒక్క మాట: ఒక చేత్తో ఫేజ్‌ను, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకున్నవాడిని ఇది కూడా కాపాడలేదు, దాని లెక్కలో ఆ మనిషి ఒక బల్బుతో సమానం.

"ఎర్త్ ఉంది కదా" అని కూడా చాలామంది అంటారు, అందుకే చిన్న లెక్క చెబుతాను. మీ ఎర్త్ పిట్ (ఎర్త్ వైరు భూమిలోకి దిగే గుంట) రెసిస్టెన్స్ 10 ఓమ్‌లు అనుకుందాం. గీజర్ ఎలిమెంట్ పగిలి ఫేజ్ నేరుగా బాడీకి తగిలితే 230 వోల్టులను 10తో భాగించగా 23 ఆంపియర్లకు మించి పారవు. 32 ఆంపియర్ల ఎంసీబీ దానికి చలించదు, 20ది కూడా గంటసేపు అలాగే నిలిచి ఉండవచ్చు. ఆ గంటసేపూ గీజర్ బాడీ మీద, దానికి కలిసిన ఇనుప పైపుల మీద కరెంటు ఉన్నట్టే. అదే ఆర్‌సీసీబీ ఉంటే రెప్పపాటులో పడిపోతుంది.

ఇక మీ ఇంట్లో లీకేజీ ఎక్కడుందో వెతకడం. అన్ని ఎంసీబీలూ దించి, ఆర్‌సీసీబీని ఎత్తి, ఒక్కొక్క ఎంసీబీ వేస్తూ ఏది వేసినప్పుడు పడుతోందో చూడటం మామూలు పద్ధతి. దీనితో దొరకని దోషం ఒకటి ఉంది, వానాకాలంలో నేను ఎక్కువగా చూసింది అదే. మన డీబీ బాక్సుల్లోని సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌ను మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. తడిసిన చోట న్యూట్రల్ వైరు ఎర్త్‌కు తగులుతూ ఉంటే, ఆ లైను ఎంసీబీ దించినా దోషం పోదు. వేరే గదిలో ఏసీనో ఇస్త్రీపెట్టెనో వేయగానే, తిరిగి రావలసిన కరెంటులో కొంత ఆ ఎర్త్ దారి పట్టి, ఏ పాపమూ ఎరగని లైను వేసినప్పుడు ట్రిప్ అవుతుంది. అప్పుడు ఎలక్ట్రీషియన్ తల గోక్కుని "ఆర్‌సీసీబీ పాడైంది" అంటాడు. మెయిన్ ఆపించి, న్యూట్రల్ వైర్లన్నీ కలిసే లింకులోంచి ఒక్కొక్క న్యూట్రల్‌ను విప్పి, మెగ్గర్ అనే ఇన్సులేషన్ కొలిచే మీటరుతో దానికీ ఎర్త్‌కూ మధ్య ఇన్సులేషన్ చూడాలి. ఒక మెగోమ్‌కు (పది లక్షల ఓమ్‌లకు) తగ్గిన లైనులోనే దోషం ఉంది. మెగ్గర్ 500 వోల్టులు వదులుతుంది కాబట్టి టీవీ, ఫ్రిజ్, ఎల్‌ఈడీ దీపాలు ముందే విడదీయించడం మరిచిపోకండి. మెయిన్ స్విచ్ ఆపినా దానికి మీటరు వైపు నుంచి వచ్చే స్క్రూలలో కరెంటు ఉంటుంది, అందువల్ల ఈ పని మీరు స్వయంగా చేయవద్దు.

అనంతపురం రైతుబిడ్డ సమాధానం:

ఫోర్‌మన్ గారు చెప్పినదానికి ఎర్త్ గురించి కొంచెం కలుపుతాను. మా వైపు రాతినేల, ఎండాకాలంలో ఎర్త్ పిట్‌లో బిందెడు నీళ్లు పోయకపోతే అది ఉన్నా లేనట్టే. మీకు తేమకు కొదవ లేదు గాని, ఉప్పుగాలి ఉంది. పిట్ మూత తీసి, జీఐ పైపుకు (జింకు పూత ఇనుప పైపుకు) ఎర్త్ వైరు బిగించిన నట్టును ఒకసారి చూడండి. మా బంధువుల ఇల్లు ఉప్పాడ వైపు ఉంది. వారింట్లో ఆ నట్టు చేతిలోకి పొడిపొడిగా రాలింది, వైరు మాత్రం తగిలినట్టే కనిపిస్తూ నిలబడి ఉంది.

ఇంకొకటి. పెరట్లో బట్టలారేసే దండెం ఇనుప తీగ అయితే, దాని కొస కిటికీ గ్రిల్లుకో సర్వీసు వైరు పోయే పైపుకో కట్టి ఉంటే, వాన వెలియగానే విప్పి నైలాన్ తాడు కట్టండి. వానాకాలంలో తడిబట్టలు ఆరేస్తూ షాక్ తగిలిందన్న వార్త ఏటా చదువుతూనే ఉంటాము.

కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ నుంచి సమాధానం:

నేను ఇంటిపనులు చూసుకునే గృహిణిని, ఎలక్ట్రికల్ చదువు లేదు, అనుభవం చెబుతున్నాను. మా ఫ్లాట్‌లో ఆర్‌సీసీబీ ఉందని పదేళ్లు నమ్మాము. చివరికి తెలిసినది ఏమిటంటే, ఆ స్థానంలో ఉన్నది ఉత్త ఐసోలేటర్ స్విచ్చు, అంటే చేత్తో వేసి ఆపేదే గాని లీకేజీని కనిపెట్టేది కాదు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, టెస్ట్ బటన్ ఉందా లేదా అన్నదే తేడా. దయచేసి ఇది చదివేవారందరూ లేచి వెళ్లి ఒకసారి చూసుకోండి.

రెండో సంగతి నిప్పుకు సంబంధించినది. నిరుడు వేసవిలో మా పడకగది ఏసీ ఆన్ చేసినప్పుడు బాక్సు దగ్గర చేప కాలుతున్నట్టు వాసన వచ్చేది. ఎంసీబీ పడలేదు, ఐసోలేటర్ స్థానంలో పెట్టించుకున్న ఆర్‌సీసీబీ కూడా పడలేదు. మూత తీయించి చూస్తే ఏసీ లైను ఎంసీబీ కింద స్క్రూ వదులై, వైరు మీది ఎర్ర తొడుగు వేలెడంత మేర నల్లగా మాడి, పెళుసెక్కి ఉంది. ఎలక్ట్రీషియన్ చెప్పినది నాకు బాగా అర్థమైంది: వదులు కనెక్షన్‌లో పారే కరెంటు మామూలుదే కాబట్టి దాన్ని ఎంసీబీ గాని, ఆర్‌సీసీబీ గాని దోషంగా గుర్తించవు, అక్కడ వేడి మాత్రం పుడుతూనే ఉంటుంది. అప్పటి నుంచి ఏటా ఏసీలు వేయకముందు, మార్చిలో, బాక్సులో స్క్రూలన్నీ బిగింపిస్తున్నాను. ఆ ఎలక్ట్రీషియన్‌కన్నా ముందు వచ్చినాయన 20 ఆంపియర్ల ఎంసీబీ తరచూ పడుతోందని 32ది వేస్తానన్నాడు. వైరు మార్చకుండా ఎంసీబీ పెంచితే, పడవలసిన సమయంలో ఎంసీబీ బదులు గోడలోని వైరు కాలుతుందని ఫోర్‌మన్ గారు పైన చెప్పినదాన్ని బట్టి ఇప్పుడు నాకే తెలుస్తోంది.

తీరంవాసి:

అందరికీ ధన్యవాదాలు. జరిగినది రాస్తున్నాను. మెగ్గర్ ఉన్న వేరే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాము. అన్ని లైన్లూ బాగానే వచ్చి, గేటు స్తంభం మీది దీపం లైను న్యూట్రల్ మాత్రం 0.02 మెగోమ్ చూపించింది. స్తంభంలోని పైపులో నీళ్లు నిలిచాయి. లోపల ఎప్పుడో వేసిన జాయింట్‌కు చుట్టిన టేపు బెల్లంపాకంలా సాగుతూ ఊడి వచ్చింది. వైరు దీపం ఇనుప బ్రాకెట్‌కు ఆనుకుని ఉంది. ఫోర్‌మన్ గారు అన్నట్టే, ఆ లైను ఎంసీబీని నేను ఎన్నిసార్లు దించినా ఫలితం లేకపోవడానికి కారణం అదే. జాయింట్ లేకుండా కొత్త వైరు లాగించాము. ఆర్‌సీసీబీని తిరిగి కలిపి, చేతిమీటరుతో పరీక్షించగా 24 మిల్లీఆంపియర్ల దగ్గర పడింది. అంటే మాది పాడవలేదు.

పనిలో పనిగా పై వాటాలోదీ చూడమన్నాను. టెస్ట్ బటన్ నొక్కితే పడలేదు. మీటరుతో 30, ఆ తరువాత 60, చివరికి 150 మిల్లీఆంపియర్లు ఇచ్చినా కదలలేదు. పన్నెండేళ్లలో ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదని మేము మెచ్చుకుంటూ వచ్చినది దాన్నే.

పాత ఫోర్‌మన్ సమాధానం:

లోపలి మీట, స్ప్రింగు ఏళ్ల తరబడి కదలకపోతే గ్రీజు గట్టిపడి, ఉప్పుగాలికి చిలుముపట్టి బిగుసుకుపోతాయి. టెస్ట్ బటన్ నొక్కడంలో సగం ప్రయోజనం పరీక్ష అయితే, మిగతా సగం ఆ మీటను కదిలించడం. సముద్రం దగ్గర ఇళ్లవారు నెలకొకసారి నొక్కడం మంచిదని నా అభిప్రాయం. కరెంటు ఉన్నప్పుడే, ఫ్రిజ్, కంప్యూటర్ లాంటివి ఆపి, ఒక్క క్షణం నొక్కి వదలండి. పడకపోతే అదే పనిగా అదిమి పట్టుకోవద్దు, లోపలి రెసిస్టర్ కాలిపోతుంది. ఆ బటన్ ఎర్త్ పిట్ బాగుందో లేదో చెప్పదు, అది వేరే చూపించుకోవలసిందే.

పై వాటాకు కొత్తది కొనేటప్పుడు ఐఎస్ 12640 (ఆర్‌సీసీబీలకు ఉన్న భారతీయ ప్రమాణం) ముద్రతో పాటు ముందువైపు బొమ్మ కూడా చూడండి. ఒంటి అల గీత మాత్రమే ఉంటే అది 'ఏసీ' (AC) టైపు, ఇక్కడ ఏసీ అంటే ఆల్టర్నేటింగ్ కరెంటు. అల కింద తెగిన అలల్లాంటి గీతలు కూడా ఉంటే 'ఏ' (A) టైపు. ఇన్వర్టర్ ఏసీలు, కొత్త వాషింగ్ మెషీన్లు ఉన్న ఇంటికి 'ఏ' టైపే తగినది, ఎందుకంటే వాటి లీకేజీ అన్నిసార్లూ శుద్ధమైన ఆల్టర్నేటింగ్ కరెంటు రూపంలో ఉండదు. బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే, కరెంటు పోయాక దాని మీద నడిచే లైన్లకు మెయిన్ బాక్సులోని ఆర్‌సీసీబీ సాధారణంగా కాపలా ఉండదు. వాటికి విడిగా ఒకటి పెట్టించాలి.

తీరంవాసి:

పై వాటాకు 'ఏ' టైపుది బిగించాము, బటన్ నొక్కగానే పడింది. దండెం తాడు కూడా మారింది, అది గ్రిల్లుకే కట్టి ఉంది. పాతదాన్ని ఎలక్ట్రీషియన్ నా ముందే విప్పి చూపించారు. స్ప్రింగు మొదట్లో పచ్చటి చిలుము ఉప్పుపేరుకున్నట్టు గట్టిగా పట్టి ఉంది, స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచిన తరువాత గాని మీట కదలలేదు.