బాపుకు ఊపిరితిత్తి చుట్టూ మళ్లీ నీరు పట్టింది: పొర ముక్క తీయించాలా, వద్దా?

జమ్మికుంట_స్వప్న: బాపుకు 69 ఏళ్లు. వరంగల్‌లో కుడివైపు నీరు రెండుసార్లు తీయించాం, ఎర్రగా వచ్చింది. మళ్లీ నిండింది. పరీక్షలో టీబీ లేదన్నారు, క్యాన్సర్ కణాలు కూడా కనబడలేదు. వయసులో ఉన్నప్పుడు గోదావరిఖని వైపు కాంట్రాక్టరు కింద బాయిలర్ పైపులకు ఆస్బెస్టాస్ (రాతినార) తాడు చుట్టేవాడు. ఇప్పుడు కెమెరా లోపలికి పెట్టి, ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర ముక్క తీసి పరీక్షించాలంటున్నారు. ఏం చేయాలి?

ఖని_బిడ్డ: వద్దు చెల్లె. సూది పెట్టిన కొద్దీ నీరు ఊరుతది. మా అన్నకు గుంజినప్పుడల్లా బలం పోయింది.

కాజీపేట_ల్యాబ్: సూదితో నీరు ఊరదు అన్నా. పొర మీద గడ్డలు పెరిగితే నీరు ఎక్కువ చేరుతుంది, అది బయటికి పోయే సన్నని దారులు మూసుకుపోతాయి. అందుకే తీసినా నిండుతుంది. మెసోథీలియోమాలో, అంటే ఆ పొరకు వచ్చే క్యాన్సర్‌లో, నీటి పరీక్ష చాలాసార్లు ఏమీ తేల్చదు, ముక్కలోనే తెలుస్తుంది. ఆస్బెస్టాస్ పీల్చిన 20 నుంచి 50 ఏళ్లకు బయటపడే రోగం ఇది.

ఖని_బిడ్డ: బలం పోతదా, పోదా? అది చెప్పు.

కాజీపేట_ల్యాబ్: నీటితో ప్రోటీన్ పోతుంది, నిజమే. కానీ దమ్ము ఆడని మనిషికి నీరు తీయకుండా ఎట్లా? ఒకేసారి ఎక్కువ తీయకుండా, మామూలుగా లీటరున్నర దగ్గర ఆపుతారు.

నర్సంపేట_రైతు: మా ఇంటిమీద ఆస్బెస్టాస్ సిమెంటు రేకులే. భయమా?

కాజీపేట_ల్యాబ్: కోయకండి, పగలగొట్టకండి. దుమ్ముతోనే ప్రమాదం.

హన్మకొండ_కోడలు: మా మామయ్యకు నీరు కనబడగానే టీబీ మందులు మొదలుపెట్టారు. నెలలు పోయాయి, నీరు పోలేదు. అసలు రోగం తెలిసేసరికి మంచం పట్టాడు. ముక్క తీయించు స్వప్నా.

ఖని_బిడ్డ: ల్యాబ్ తమ్మీ, టెస్టులు చేసుడు నీకు బతుకుదెరువు. మా అన్నకు పైపు పెట్టిన చోటే గడ్డ లేచింది. చొక్కా తగిలినా ఓర్వకపోయేది.

కాజీపేట_ల్యాబ్: నా జీతం సంగతి ఎందుకు? ఆ రోగంలో రంధ్రం చేసిన దారిలో గడ్డ లేవడం ఉంది, ముందే డాక్టర్‌ను అడగాలి. దానికి భయపడి నీటిని వదిలేస్తామా?

ఖని_బిడ్డ: నీటి సంగతి కాదు తమ్మీ! రోగం పేరు చెప్పిన దినం నుంచి అన్న తిండి ముట్టలేదు. నయం కాని రోగానికి పేరెందుకు? ఎవరి కోసం?

హన్మకొండ_కోడలు: తెలియకుండా పోయినవాళ్లకు కూడా బాధ తక్కువేం కాదు అన్నా.

కాజీపేట_ల్యాబ్: పేరు తెలిస్తే అవసరంలేని మందులు ఆగుతాయి. కెమెరా పెట్టినప్పుడే, వీలైతే, టాల్క్ పొడి చల్లి పొరలు అతుక్కునేలా చేస్తారు, నీరు చేరడానికి జాగా ఉండదు. లేదా సన్నని పైపు వదిలితే ఇంట్లోనే నీరు తీసుకోవచ్చు. ఇంకోటి, పాత ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో, పని వల్ల వచ్చే రోగాల జాబితాలో (మూడో షెడ్యూల్) ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మెసోథీలియోమా ఉంది. రుజువు లేకుండా ఎవరిని అడుగుతాం?

ఖని_బిడ్డ: కాంట్రాక్టరు ఒక్క చిట్టీ ఇచ్చిండా? ఎవరి మీద వేస్తవు కేసు?

కాజీపేట_ల్యాబ్: పక్కన పనిచేసిన వాళ్లుంటారు కదా. ఉన్నప్పుడే వాళ్లతో రాయించుకోవాలి.

జమ్మికుంట_స్వప్న: బాపు అడిగేది ఒక్కటే, వెల్లకిల పండుకుంటే దమ్ము రావొద్దని. టాల్క్ సంగతి సోమవారం డాక్టర్‌ను అడుగుతా. రోగం పేరు తెలుసుకోవాలని ఉందో లేదో ముందు బాపునే అడుగుతా.

ఖని_బిడ్డ: అడుగు. వద్దంటే మాత్రం బలవంతం చేయకు.