ఓపెన్ టెన్త్‌లో లెక్కలు వదిలేస్తే తర్వాత ఇబ్బందా?

పొలంగట్టు:
మా ఊరి జెడ్పీ హైస్కూల్లోనే ఏపీ ఓపెన్ స్కూల్ స్టడీ సెంటర్ ఉంది. మా మరదలు ఎనిమిదిలో బడి మానేసింది, ఇప్పుడు 19 ఏళ్లు. టెన్త్ కట్టిద్దామంటే తెలిసినవాళ్లంతా ‘లెక్కలు వదిలెయ్, ఈజీగా పోద్ది’ అంటున్నారు. నిజమేనా? టీసీ చేతిలో లేదు. దాని చెల్లెలికి 12, ఆరో తరగతి మధ్యలో ఆగిపోయింది. దానికీ ఇదే కట్టొచ్చా?

చాక్‌పీస్:
లెక్కలు లేకుండా టెన్త్ పాసవ్వచ్చు, అది నిజమే. మొత్తం ఐదు సబ్జెక్టులు, ఒక్కోదాంట్లో 35 రావాలి. లెక్కల బదులు తీసుకోవడానికి సైన్స్, సోషల్, ఎకనామిక్స్, సైకాలజీ, హోమ్ సైన్స్ లాంటివి ఉన్నాయి. కానీ రేపు పాలిటెక్నిక్ అనుకుంటే దాని ప్రవేశ పరీక్ష పాలిసెట్‌కి టెన్త్‌లో లెక్కలు ఉండి తీరాలి. ఆ సలహా ఇచ్చేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

అసలు కిటుకు వేరే ఉంది. ఐదూ ఒక్కసారే రాయక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. 35 వచ్చిన సబ్జెక్టు జమ అయిపోయినట్టే, మళ్లీ దాని జోలికి పోనక్కర్లేదు. కాబట్టి లెక్కలు ఫారంలో పెట్టండి. మొదటిసారి తెలుగు, సోషల్ లాంటివి నాలుగు రాసి, లెక్కలు ఒక్కటీ తర్వాతి విడతకి ఉంచుకోవచ్చు. భయపడి అసలు తీసుకోకపోవడం కంటే ఇది మేలు.

రికార్డ్‌షీట్:
టీసీ గురించి. ఎనిమిది చదివిన బళ్లో అడ్మిషన్ రిజిస్టర్ ఉంటుంది, ఎన్నేళ్లయినా. మానేసిన సంవత్సరం, తండ్రి పేరు కాగితం మీద రాసుకుని హెడ్మాస్టర్‌ని కలవండి. తీసుకున్నాక అక్కడే నిలబడి ఇంటిపేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ ఆధార్‌తో కలుస్తున్నాయో చూసుకోండి. సర్టిఫికెట్ వచ్చాక మార్పించడం పెద్ద తలనొప్పి.

ఆన్‌లైన్ ఫారం నింపేది సాధారణంగా నెట్ సెంటర్ కుర్రాడు. ఫైనల్ కొట్టేముందు ప్రింట్ తీయించి సబ్జెక్టు కోడ్‌లు, మీడియం ఒక్కొక్కటీ వేలు పెట్టి చదవండి. కోడ్ తప్పితే చదివింది ఒకటి, హాల్లో వచ్చే పేపర్ ఇంకొకటి.

ఇంకోటి, అడ్మిషన్ ఫీజు కడితే పరీక్ష ఫీజు కట్టినట్టు కాదు. అది సబ్జెక్టుకింత అని విడిగా కట్టాలి. ఇది తెలియక హాల్ టికెట్ రాక ఒక విడత పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

చాక్‌పీస్:
చిన్నమ్మాయికి ఓపెన్ టెన్త్ కుదరదు, 14 నిండాలి. ఆగాల్సిన పనీ లేదు. విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, అంటే ఏడో తరగతి. వెనకబడిన పాఠాలకి ప్రత్యేక శిక్షణ కూడా ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందనో, పుట్టినతేదీ రుజువు లేదనో వెనక్కి పంపకూడదు. ఇంటి దగ్గర చదువు సాగదనిపిస్తే దగ్గర్లోని కస్తూర్బా విద్యాలయంలో అడగండి. బడి మానేసిన ఆడపిల్లలకి హాస్టల్, భోజనంతో సహా అక్కడే.

పొలంగట్టు:
అర్థమైంది. పెద్దది రోజూ కూలికి పోతుంది, క్లాసులకి వీలవుతుందా?

రికార్డ్‌షీట్:
క్లాసులు ఆదివారాలు, సెలవురోజుల్లోనే పెడతారు. మిగతా వారమంతా సెంటర్ ఇచ్చే పుస్తకాలే దిక్కు, అందుకని మొదటి క్లాసుకి వెళ్లినప్పుడే ఐదు పుస్తకాలూ అందాయో లేదో చూసుకోండి. లెక్కలది మాత్రం పక్కన కూర్చుని చెప్పే మనిషి ఉండాలి, తొమ్మిదో పదో చదివే పిల్లైనా సరే.