బాలానందం క్యాసెట్‌లో మాటలు మూసుకుపోయినట్టు వస్తున్నాయి, ఏం చేయాలి?

ఆకాశవాణి హైదరాబాద్ బాలానందాన్ని మా నాన్న 1982లో టూ-ఇన్-వన్‌లో రికార్డ్ చేసిన సీ-90 క్యాసెట్ ఇది. రేడియో అన్నయ్య, అక్కయ్యగా న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గార్లు పేరు తెచ్చిన కార్యక్రమమే. కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే పిల్లల పాటలు, నాటిక అంతా దుప్పటి కప్పినట్టు వినిపిస్తోంది. 'స', 'శ' అసలు తెలియట్లేదు. రెండు వైపులా ఇంతే, వేగం మాత్రం సరిగ్గానే ఉంది.

డెక్‌లో టేపును చదివే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. డాల్బీ (టేపు బుస చప్పుడు తగ్గించే ఏర్పాటు) ఆపేశాను. క్యాసెట్ లోపలి ఫెల్ట్ ప్యాడ్ ఊడలేదు, చూశాను. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రెబుల్ పెంచితే బుస్సుమనే చప్పుడే పెరిగింది. అదే డెక్‌లో కొన్న సినిమా పాటల క్యాసెట్లు శుభ్రంగా పలుకుతున్నాయి కాబట్టి అజిమత్ (టేపుకు హెడ్ ఉండే కోణం) తేడా అనుకుంటున్నాను. నాన్న వాడిన సెట్టు ఇప్పుడు లేదు.

క్యాసెట్ ఆడుతుండగా హెడ్ పక్కనున్న అజిమత్ స్క్రూ తిప్పి ఈ టేపుకు సరిపెట్టుకున్నాక, మళ్లీ సరిగ్గా పాత స్థానానికి తేవడం ఎలా?