రెండడుగుల ఉప్పునీటి ట్యాంక్‌లో ఏ చేపలు వేయొచ్చు?

ప్రశ్న (ఉప్పురాయి, హైదరాబాద్):
60×30×36 సెం.మీ. ట్యాంక్ పెట్టాను. 6 కిలోల పొడి రాయి, అరగొనైట్ ఇసుక ఉన్నాయి. ఉప్పుశాతం 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35). ఐదు వారాల సైక్లింగ్ (వ్యర్థాలను విరగ్గొట్టే బ్యాక్టీరియాను ట్యాంక్‌లో పెంచడం) పూర్తయింది: అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 15. చేపల్లో క్లౌన్ జంట, ఒక బ్లూ టాంగ్, ఒక మాండరిన్, మూడు డామ్సెల్స్ తీసుకుందామనుకుంటున్నాను. షాపులో సరిపోతాయన్నారు, సముద్రగుర్రం కూడా చూపించారు. మీరేమంటారు?

నీలిరెక్క:
గాజు కొలతల ప్రకారం 65 లీటర్లు. పైన వదిలిన ఖాళీ, రాయి, ఇసుక తీసేస్తే నికరంగా 50 లీటర్ల నీళ్లే. దీనికి మూడు చేపలు చాలు. మీ జాబితాలో క్లౌన్లు తప్ప మిగతావన్నీ తీసేయండి.

బ్లూ టాంగ్ షాపులో రెండంగుళాలే ఉంటుంది గానీ పెరిగితే 30 సెం.మీ. దాకా వస్తుంది. రోజంతా ఈదే చేప. రెండడుగుల్లో ఒత్తిడి తట్టుకోలేక అందరికంటే ముందు దానికే తెల్లమచ్చల జబ్బు వస్తుంది, మిగతావాటికీ అంటిస్తుంది. మాండరిన్ రాళ్ల మీద కోపిపాడ్లనే సన్నటి పురుగుల్లాంటి జీవులను ఏరుకుని తింటుంది. కొత్త ట్యాంక్‌లో అవి ఎన్నో ఉండవు, ఉన్నవీ కొన్ని వారాల్లో అయిపోతాయి. ఫ్లేక్స్ (రేకుల మేత) వేస్తే చాలావరకు ముట్టదు. పొట్ట లోపలికి పీక్కుపోయిందని మనం గమనించేసరికి ఆలస్యమైపోతుంది.

చవగ్గా వస్తాయని డామ్సెల్స్ అంటగడతారు. మూడు చారల డామ్సెల్ కుదురుకుందంటే ట్యాంక్ మొత్తం తనదే అంటుంది, తర్వాత వచ్చిన ప్రతి చేప రెక్కలూ కొరుకుతుంది. దాన్ని పట్టాలంటే రాళ్లన్నీ బయటికి తీయాల్సిందే.

సముద్రగుర్రం జోలికి అసలు వెళ్లకండి. 2001 నుంచి దానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. గట్టి పగడాలదీ అదే సంగతి.

ఉప్పురాయి:
మరి ఆ మూడు ఏవి?

నీలిరెక్క:
రెండు ఒసెల్లారిస్ క్లౌన్లు, అడుగున ఒక ఎల్లో వాచ్‌మన్ గోబీ.

క్లౌన్ అనగానే ఏదో ఒకటి తెచ్చుకోకండి. మెరూన్ క్లౌన్, సెబే క్లౌన్ బాగా పెద్దవవుతాయి, వాటికి ఈ ట్యాంక్ చాలదు. ఒసెల్లారిస్‌లో కూడా హేచరీలో పుట్టినవే అడగండి. సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు మన దగ్గరే క్లౌన్ల పెంపకం పద్ధతి అభివృద్ధి చేశారు, కాబట్టి దొరకనివేం కావు. సముద్రంలో పట్టినవాటికి బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి జబ్బు ఎక్కువ: ఒంటి మీద తెల్లటి జిగురు, పైకొచ్చి ఆయాసం, రెండు మూడు రోజుల్లో పోతాయి.

రెండూ పిల్లలే తీసుకోండి, ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది. అన్నీ మొదట మగవే. పెద్దది ఆడదిగా మారుతుంది, చిన్నది లొంగి ఉంటుంది. సమానమైన పెద్దవి రెండు వేస్తే కొట్టుకుంటాయి. క్లౌన్లు ఆశ్రయం తీసుకునే అనిమోన్ (పువ్వులా కనిపించే సముద్రజీవి) అక్కర్లేదు. ఐదు వారాల ట్యాంక్‌లో అది కుదురుకోక పంపులో ఇరుక్కుని చస్తే నీళ్లన్నీ పాడవుతాయి.

గోబీ 10 సెం.మీ. వరకు పెరుగుతుంది, ఇసుక తవ్వుతుంది. రాళ్లు ఇసుక మీద కాదు, నేరుగా అడుగు గాజు మీద కూర్చోవాలి. లేకపోతే కింద తవ్వేసి రాయి తన మీదే పడేసుకుంటుంది.

అలలదారి (విశాఖపట్నం):
నాలుగోదిగా నియాన్ గోబీ వేయొచ్చంటాను. 5 సెం.మీ. చేప, దాని వల్ల భారం ఏముంటుంది?

నీలిరెక్క:
ఆరు నెలలాగి, వారం వారం 5 లీటర్ల నీళ్లు మార్చినా నైట్రేట్ 20 దాటకపోతే సరే. ఇప్పుడే మాత్రం వద్దు.

ఉప్పురాయి:
మూడూ ఒకేసారి తెచ్చేయనా? ఇంటి ఆర్వో నీళ్లు వాడుతున్నాను, పర్వాలేదా?

అలలదారి:
ఒకేసారి వద్దు. ముందు గోబీ, మూడు నాలుగు వారాల తర్వాత క్లౌన్లు. క్లౌన్లు ముందొస్తే మూల పట్టుకుని గోబీని బయటికి రానివ్వవు, అది తిండి లేక చిక్కిపోతుంది. పైగా బ్యాక్టీరియా కొత్త భారానికి అలవాటు పడటానికి టైం కావాలి.

ఆర్వో సంగతి జాగ్రత్త. చాలా ఇంటి మెషీన్లలో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది. రుచి కోసం కొంత నీటిని మెంబ్రేన్ (లవణాలను ఆపే వడపోత పొర) దాటకుండానే కలుపుతుంది. కొన్నిటిలో మినరల్ కార్ట్రిడ్జ్ కూడా ఉంటుంది. ఈ రెండింటికీ ముందు, మెంబ్రేన్ దగ్గరే పైపు తీసి, డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) గుండా పంపండి. టీడీఎస్ పెన్ సున్నా చూపించాలి. లేకపోతే నాచు వదలదు.

ఆవిరైన నీటి బదులు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. ఉప్పు ఆవిరి కాదు కదా. 50 లీటర్లలో 2 లీటర్లు తగ్గితే 35 పీపీటీ 36.5 అవుతుంది. చిన్న ట్యాంక్‌లో రోజూ చూసుకోవాల్సింది ఇదే.

మేలో ట్యాంక్ 28 డిగ్రీలు దాటకుండా చూడండి. హైదరాబాద్ పొడి గాలికి నీటి మీద ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మా విశాఖ ఉక్కలో అంత దిగదు, నీటిని చల్లబరిచే చిల్లర్ మెషీనే దిక్కు.

ఉప్పురాయి:
మీకు సముద్రం పక్కనే ఉంది, ఆ నీళ్లే పోస్తారా?

అలలదారి:
ఒడ్డు నీళ్లలో డ్రైనేజీ, డీజిల్, వానాకాలంలో బురద. సింథటిక్ ఉప్పే వాడతాను. 50 లీటర్లకు సుమారు 1.9 కిలోలు. బ్రాండును బట్టి మారుతుంది కాబట్టి ఉప్పుశాతం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూసుకోవాలి. వంట ఉప్పు పనికిరాదు, అందులో కాల్షియం, క్షారత ఉండవు.

ఉప్పురాయి:
కొరియర్‌లో వచ్చిన చేపను గంటసేపు డ్రిప్ (చేప ఉన్న నీటిలో ట్యాంక్ నీళ్లు చుక్కచుక్కగా కలపడం) చేయమన్నారు?

నీలిరెక్క:
పక్క షాపు నుంచి తెస్తే చేయండి. రాత్రంతా సంచిలో ఉన్నదానికి మాత్రం వద్దు. సంచి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది. అప్పటిదాకా పెద్దగా హాని చేయని అమ్మోనియం విషపు అమ్మోనియాగా మారుతుంది. సంచి మూసే ఉంచి 20 నిమిషాలు నీటి మీద తేలనివ్వండి. క్వారంటైన్ ట్యాంక్ (కొత్త చేపను విడిగా ఉంచే చిన్న ట్యాంక్) ఉప్పుశాతాన్ని ముందే అమ్మేవాళ్ల నీటికి సమానంగా పెట్టుకుని, విప్పిన వెంటనే చేపను అందులోకి మార్చండి. సంచి నీళ్లు పారబోయండి. అక్కడ నాలుగు వారాలు. రాగి మందు అవసరమైతే అక్కడే వాడాలి. అసలు ట్యాంక్‌లో పోస్తే రొయ్యలు, నత్తలు చస్తాయి.

డబ్బు కట్టేముందు మీ ఎదురుగా మేత వేయించండి. ఫ్రోజెన్ మైసిస్ (గడ్డకట్టించిన చిన్న రొయ్యల్లాంటి మేత) నోటితో అందుకుని మింగాలి. నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తే ఆ చేప వద్దు.