వాల్మోన్‌ది నిజంగా ప్రేమేనా? నవల చెప్పలేదు, సినిమాలు చెప్పేశాయి

వెండితెర: ఫ్రెంచ్ రచయిత లక్లో నవల ‘డేంజరస్ లియేజన్స్’ (1782) ఆధారంగా స్టీఫెన్ ఫ్రియర్స్ 1988లో తీసిన సినిమా మళ్లీ చూశాను. పాత ప్రియురాలు మెర్తోయ్‌తో పందెం వేసుకుని, భక్తురాలైన వివాహిత తూర్వెల్‌ను వలలో వేసుకున్న వాల్మోన్ చివరికి ఆమెను నిజంగానే ప్రేమిస్తాడు. కత్తిపోటు తిని ప్రాణం పోతుండగా ఆమెకు కబురు పంపుతాడు. ఆ ప్రేమే లేకపోతే ఈ కథలో గుండె ఎక్కడుంది? మీరేమంటారు?

పాత అట్ట: నేను ఒప్పుకోనండి. నవలలో ఆ కబురే లేదు. నవలంతా పాత్రలు ఒకరికొకరు రాసుకున్న 175 ఉత్తరాలే. తూర్వెల్‌ను వదిలేశాక వాల్మోన్ పశ్చాత్తాపంతో ఒక ఉత్తరం రాశాడని 154వ ఉత్తరంలో సెసీల్ అనే అమ్మాయి తల్లి చెబుతుంది. అందులో నిజాయితీ ఉందో లేదో ఆమెకూ తెలియదు. అక్కడే ‘సంపాదకుడి’ పేరుతో లక్లో ఒక గమనిక పెట్టాడు: ఈ సందేహం తీర్చేది తర్వాతి ఉత్తరాల్లోనూ ఏదీ దొరకలేదు కాబట్టి ఆ ఉత్తరాన్ని తీసేశామని! మనం దేనికోసం వెతుకుతామో దాన్నే కావాలని దాచాడు. నాకు నవల మొత్తంలో అంతకన్నా గొప్ప చోటు లేదు.

తెగతెంపుల సంగతీ చూడండి. నవలలో మెర్తోయ్ రాసిచ్చిన ఉత్తరాన్ని అతను నకలు చేసి పంపుతాడు, అంతే. ఆ సమయంలో అతని ముఖం ఎలా ఉందో మనకు కనపడదు. సినిమాలో వాల్మోన్‌గా నటించిన మాల్కోవిచ్ ఆమె ఎదురుగా నిలబడి ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ అంటుంటే ఆ బాధ మనకు తెలిసిపోతుంది. ఇక సందేహానికి చోటేదీ?

రాత్రి చదువరి: కానీ 145వ ఉత్తరంలో మెర్తోయే అంటుంది కదా, నువ్వు ఆమెను ప్రేమించావు, ఇంకా పిచ్చిగా ప్రేమిస్తూనే ఉన్నావు అని. అతన్ని ఆమెకన్నా ఎరిగినవాళ్లెవరు?

పాత అట్ట: అతని మీద గెలిచానని చాటుకోవడానికి అన్న మాట అది. దాన్ని సాక్ష్యంగా ఎలా తీసుకుంటాం?

నన్ను ఎక్కువ బాధపెట్టేది సెసీల్ విషయం. పదిహేనేళ్ల పిల్ల. దొంగతాళంతో రాత్రి ఆమె గదిలోకి వెళ్లి, బెదిరించి లొంగదీసుకున్నదీ ఈ వాల్మోనే. 1988 సినిమా దాన్ని తేలిక చేసింది. అతనికేమో చావులో తూర్వెల్ జ్ఞాపకాలు, మెర్తోయ్‌కేమో నాటకశాలలో ఛీత్కారాలు. ఇదే కథతో 1999లో వచ్చిన ‘క్రూయల్ ఇంటెన్షన్స్’ సినిమా ఇంకా ముందుకెళ్లింది. అందులో వాల్మోన్ లాంటి కుర్రాడు ప్రేయసిని కారు ప్రమాదం నుంచి కాపాడి చనిపోతాడు. ఇద్దరూ కలిసి చేసిన పాపానికి మగవాడికి మాత్రమే మోక్షం ఇవ్వడం అన్యాయం.

రాత్రి చదువరి: మెర్తోయ్‌ను నవల కూడా వదల్లేదుగా! మశూచి వచ్చి ఒక కన్ను పోతుంది, దావా ఓడి హాలండ్ పారిపోతుంది.

పాత అట్ట: నిజమే. అయితే నవల అతనికీ క్షమాపణ రాసివ్వలేదు. నా గొడవంతా అదే.

వెండితెర: సెసీల్ విషయంలో మీతో ఏకీభవిస్తాను, ఆ సన్నివేశాన్ని నవ్వులాటగా తీయడం తప్పే. కానీ ఆ ఉత్తరాన్ని దాచినంత మాత్రాన ప్రేమ లేదని తేలదు కదండీ. ఉందో లేదో తేలని మనిషిని నటుడు ఎలా నటించాలి? ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఫ్రియర్స్ ఎంచుకున్నది నాకు ఇప్పటికీ నచ్చుతుంది.